షుగరు ఉన్నవాళ్ళు ఏం తినాలి? గోదావరి ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

షుగరు ఉందని రిపోర్టు రాగానే మన వైపు ఇళ్ళలో మొదలయ్యే టెన్షన్ మందుల గురించి కాదు, అన్నం గురించి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్ళు వరి చేలకు పారిన నేల ఇది. సార్వా బియ్యం అయ్యేలోపు దాళ్వా బియ్యం ఇంటికొస్తాయి. ఇలాంటి చోట డాక్టరు గారు "అన్నం తగ్గించండి" అంటే కొందరు పది రోజులు పూర్తిగా మానేసి, తట్టుకోలేక మళ్ళీ రెట్టింపు మొదలుపెడతారు. కొందరు విననట్టే ఊరుకుంటారు. రెండింటివల్లా నష్టమే.

రాజమండ్రి నుంచి నరసాపురం దాకా, అమలాపురం నుంచి భీమవరం దాకా ఇళ్ళలో వినిపించే ప్రశ్నలే ఇవి. జవాబులు పెద్దవాళ్ళలో వచ్చే టైప్ 2 షుగరును దృష్టిలో పెట్టుకుని రాసినవి. మందుల మోతాదు పెంచడం, తగ్గించడం మాత్రం మీ డాక్టరు గారి పని.

అన్నం పూర్తిగా మానేయాలాండీ?

అక్కర్లేదు. కానీ ఇప్పుడు తింటున్నంత తినడం కుదరదు.

లెక్క చూడండి. ఒక మాదిరి కప్పు అన్నం, అంటే సుమారు 150 గ్రాములు, 40 గ్రాములకు పైగా పిండి పదార్థం ఇస్తుంది. అదంతా గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. మన భోజనం ఎలా సాగుతుంది? ముందు పప్పులో, తర్వాత కూరలో, ఆపైన పచ్చడితో, పులుసుతోనో చారుతోనో, చివరికి పెరుగుతో. ప్రతి విడతకూ గరిటెడు అన్నం మళ్ళీ పడుతుంది. అయిదు విడతలు కలిపితే నాలుగైదు కప్పులు సులువుగా దాటిపోతుంది. "నేను పెద్దగా తినను" అనేవాళ్ళు కూడా ఒక్క పూట అన్నాన్ని కొలిచి చూసుకుంటే ఆశ్చర్యపోతారు.

అయిదు విడతలూ ఉండనివ్వండి. అన్నం మాత్రం ఒక్కసారే, మొదట్లోనే పెట్టించుకోండి. చాలామందికి పూటకు ఒక కప్పు, మహా అయితే కప్పున్నర. దాన్నే పప్పుకూ, కూరకూ, చారుకూ, పెరుగుకూ పంచుకోవాలి. కూర ఇప్పుడు తింటున్నదానికి రెండింతలు కావాలి, పప్పు గట్టిగా ఉండాలి. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు, పావు వంతు పప్పు, చేప, గుడ్డు లాంటివి, మిగిలిన పావు వంతు అన్నం అని గుర్తుపెట్టుకుంటే చాలు, తూకాలు అక్కర్లేదు.

తినే వరుస కూడా ముఖ్యమే. ముందు కూర, పప్పు కొంత ఉత్తగానే తిని, తర్వాత అన్నంలోకి దిగితే భోజనం తర్వాత షుగరు ఎగసే ఎత్తు తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. అన్నం కలపకుండా బీరకాయ కూర తినడం మొదట్లో వింతగా ఉంటుంది. వారం పది రోజుల్లో అలవాటవుతుంది.

ఒక్క హెచ్చరిక. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు ఒక్కసారిగా అన్నం సగానికి కోసేస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ముందు డాక్టరు గారికి చెప్పి, మోతాదు సరిచేయించుకుని, ఆ తర్వాత తగ్గించండి.

మా నాన్న నిండు కంచం తిని ఎనభై ఏళ్ళు బతికారు. నాకు నలభైకే ఎందుకొచ్చింది?

ఆయన తిన్నది ఆయన ఒళ్ళే ఖర్చు పెట్టేది. ఆకుమడి, ఊడ్పు, కలుపు, కోత, కుప్ప, నూర్పు, బస్తాల మోత అన్నీ మనుషుల చేతుల మీదుగానే జరిగేవి. ఇప్పుడు దమ్ము ట్రాక్టరు చేస్తుంది, కోత మిషను కోస్తుంది, గట్టు దాకా బండి మీద వెళ్తున్నాం. చాలా చోట్ల పొలాలు రొయ్యల చెరువులయ్యాయి, అక్కడ మోటార్లూ ఏరియేటర్లూ చూసుకుంటూ కూర్చునే పని. పని ఇంత మారినా కంచంలో అన్నం కొలత అలాగే ఉండిపోయింది.

కండరాలు వాడుకోని గ్లూకోజు కొవ్వుగా మారి పొట్ట చుట్టూ, కాలేయంలో చేరుతుంది. ఆ కొవ్వు పెరిగేకొద్దీ ఇన్సులిన్ మాట ఒంట్లో చెల్లదు. మనిషి సన్నగా కనిపించినా కండ తక్కువ, పొట్ట ఎక్కువ ఉండటం మన దేశంలో మామూలు. వంశపారంపర్యం కూడా ఉంటుంది. మీ నాన్నగారికీ ఉండి ఉండొచ్చు, ఆ రోజుల్లో పరీక్ష చేయించుకున్నవాళ్ళు ఎంతమంది? భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వేసిన అంచనా ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది అంచున ఉన్నారు. సిగ్గుపడి దాచుకోవాల్సిన జబ్బు కాదు.

ఏ బియ్యం మంచివి? స్వర్ణా, సోనా, దంపుడు బియ్యమా?

మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన ఎం.టి.యు. 7029నే మనం స్వర్ణ అంటాం. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాల బియ్యాన్ని పరీక్షించి 2011లో వెల్లడించిన ఫలితాల్లో గ్లైసీమిక్ ఇండెక్స్ 48 నుంచి 92 దాకా ఉంది. తక్కువ వైపు నిలిచిన రకాల్లో మన స్వర్ణ ఒకటి. ఈ అంకె తక్కువ ఉంటే షుగరు నిదానంగా పెరుగుతుందని అర్థం. లావు బియ్యమని చిన్నచూపు చూసి, ఎక్కువ డబ్బు పెట్టి బాగా పాలిష్ పట్టిన సన్నబియ్యం కొనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

అయితే స్వర్ణ కదా అని నాలుగు కప్పులు తింటే ఆ మేలు అక్కడే పోతుంది. రకం కన్నా కొలత పెద్దది.

దంపుడు బియ్యంలో పీచు ఎక్కువ, నమలాలి, కడుపు త్వరగా నిండుతుంది. మన మిల్లుల నుంచి కేరళ వెళ్ళే ఉప్పుడు బియ్యం కూడా మామూలు పచ్చి బియ్యం కన్నా నిదానంగా అరుగుతాయి. ఏ బియ్యమైనా గుజ్జుగా ఉడికిస్తే త్వరగా అరుగుతాయి, పలుకుగా వండుకోండి. గంజి వార్చితే కొంత పిండి పోతుంది నిజమే, దానికి మించిన ఆశ పెట్టుకోవద్దు.

రాత్రిపూట చపాతీకి మారితే సరిపోతుందా?

ఒక మాదిరి పుల్కాలో 15 నుంచి 20 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. నాలుగు పుల్కాలు, పక్కన బంగాళాదుంప కూర, ఆపైన పెరుగన్నం తింటే ఏం లాభం? చపాతీలో ఉన్న సుఖం ఒకటే, లెక్క తెలుస్తుంది. రెండు తిన్నామో మూడు తిన్నామో గుర్తుంటుంది. అన్నానికి అలా ఉండదు. రెండు పుల్కాలూ గిన్నెడు కూరా, లేదా కప్పు అన్నమూ గిన్నెడు కూరా, రెండూ ఒకటే. మీకు ఏది ఇష్టమైతే అది.

కొర్రలు, రాగులు?

మంచివే, పీచు ఎక్కువ. కానీ అవీ ధాన్యాలే, అన్నం కొలతే వాటికీ. రాగి జావ విషయంలో చాలామంది పొరబడుతున్నారు. మెత్తటి పిండిని నీళ్ళలో కాచి తాగితే నమిలే పని లేదు, అరిగే ఆలస్యం లేదు, షుగరు గబగబా లేస్తుంది. పెద్ద గ్లాసుడు జావ తాగి, పైన ఇడ్లీలు తినేవాళ్ళకు పొద్దున రీడింగ్ ఎందుకు తగ్గడం లేదో ఇక్కడే తెలుస్తుంది. రాగులు తినాలంటే రొట్టెగానో, కూరముక్కలు వేసిన రాగి ముద్దగానో కొద్దిగా తినండి.

చద్దన్నం తినొచ్చా?

తినొచ్చు. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండి త్వరగా అరగని రూపంలోకి మారుతుంది. మేలు కొద్దిపాటిదే, కానీ ఉంది. కప్పు చద్దన్నంలో పల్చటి మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసుకుంటే మైసూరు బజ్జీల కన్నా ఎంతో నయం. ఎండాకాలంలో రాత్రి అన్నం పాడైపోకుండా చూసుకోండి. ఆవకాయ ఊట మాత్రం చుక్కే, దాంట్లోని ఉప్పు బీపీకి మంచిది కాదు.

పొద్దున టిఫిన్ ఏం తినాలి?

మనకు దొరికిన అదృష్టం పెసరట్టు. పొట్టు పెసలు నానబెట్టి రుబ్బి పోసే అట్టులో ప్రోటీన్, పీచు రెండూ ఉన్నాయి, షుగరు నిదానంగా పెరుగుతుంది. దాన్ని పాడు చేసేవి రెండు: లోపల పెట్టే ఉప్మా, పక్కన వేసుకునే అల్లం పచ్చడిలోని బెల్లం. ఉప్మా లేని పెసరట్టు రెండు, బెల్లం లేకుండా చేసిన అల్లం పచ్చడో కొబ్బరి పచ్చడో పెట్టుకుని తినండి. పిండిలో బియ్యం కలిపే అలవాటుంటే తగ్గించండి.

ఇడ్లీ ఆవిరి మీద ఉడికింది కాబట్టి షుగరుకు మంచిదని అనుకుంటారు. నూనె లేదు, ఆ మాట నిజం. కానీ మన ఇడ్లీలో మినప్పప్పు ఒక పాలు, బియ్యపు రవ్వ రెండు పాళ్ళు. ఒక్కో చిన్న ఇడ్లీ 10 గ్రాముల పైచిలుకు పిండి పదార్థం. రెండు మూడు చాలు, గిన్నెడు కూరగాయల సాంబారుతో. రవ్వ తగ్గించి పప్పు పెంచి రుబ్బితే ఇంకా మంచిది. దిబ్బరొట్టెలో మినప్పప్పు ఉంటుంది గానీ నూనె ఎక్కువ తాగుతుంది, ఒక ముక్కతో సరిపెట్టుకోవాలి. పూరీ, మైసూరు బజ్జీ, రవ్వ ఉప్మా వారం వారం తినే టిఫిన్లు కావు. ఏ టిఫిన్ తిన్నా ఒక కోడిగుడ్డు పక్కన ఉంటే పదకొండు గంటలకు ఆకలి వెయ్యదు.

భూమిలో పండేవేవీ తినకూడదట కదా?

అంత గుడ్డి నియమం అక్కర్లేదు. క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్ కూరగాయలుగానే తినొచ్చు. లెక్క పెట్టాల్సినవి బంగాళాదుంప, చేమ, పెండలం, చిలగడదుంప, కంద. అరటికాయ భూమి పైన కాసినా ఈ జాబితాలోదే. వీటిని మానాల్సిన పని లేదు. కంద బచ్చలి కూర వండుకున్న రోజు ఆ మేరకు అన్నం తగ్గించండి, అంతే.

కడుపు నిండా తినగలిగినవి మన సంతలో ఎన్ని ఉన్నాయో చూడండి: బీర, ఆనప, దొండ, కాకర, వంకాయ, బెండ, గోరుచిక్కుడు, ములక్కాడ, పొట్ల, తోటకూర, గోంగూర, చుక్కకూర, పొన్నగంటి, మునగాకు. అరటి పువ్వు, అరటి దూట కూడా. కోనసీమలో గెల కొట్టాక బోదె పారేస్తున్నారు, దాని దూటలో ఉన్నదంతా పీచు. నార తీసి సన్నగా తరిగి, మజ్జిగలో వేసి, పెసరపప్పుతో వండితే ఇంటిల్లిపాదీ తింటారు. పనసపొట్టు ఆవపెట్టిన కూర కూడా నిశ్చింతగా తినొచ్చు, నూనె చూసుకుని వేసుకుంటే.

పులస, రొయ్యలు, కోడిగుడ్డు?

చేపలోనూ రొయ్యలోనూ పిండి పదార్థం లేనట్టే, షుగరు పెంచవు. పులసలాంటి కొవ్వు చేపల్లో ఉండే ఒమేగా-3 గుండెకు మేలు చేస్తుంది. వరదలొచ్చే రోజుల్లో ఆ పులుసు కుండ ముందు కూర్చున్నప్పుడు షుగరు పెంచేది చేప కాదు, ఆ పులుసు రుచికి మళ్ళీ మళ్ళీ పెట్టించుకునే అన్నం. ముక్కలు ఎక్కువ, అన్నం కప్పు. వేపుడు కన్నా పులుసు, ఇగురు మంచివి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ, బీపీ ఉంటే దూరం. గుడ్డు రోజుకొకటి చాలామందికి పర్వాలేదు.

పళ్ళు తినొచ్చా? ఇంటి పెరట్లోనే అరటి, మామిడి ఉన్నాయి.

జామ, నేరేడు, బొప్పాయి ముక్కలు, బత్తాయి తొనలు ధైర్యంగా తినొచ్చు, పూటకొకటి, గుప్పెడు. రసం తీసి తాగొద్దు. రసంలో పీచు పోతుంది, మూడు కాయల చక్కెర ఒక్క గ్లాసులోకి వస్తుంది.

చక్కెరకేళి, అమృతపాణి అరటి పళ్ళు అంత సులువు కాదు. ఒక మాదిరి పండులో 25 గ్రాముల దాకా పిండి పదార్థం ఉండొచ్చు. బాగా మిగల ముగ్గినది కాకుండా కాస్త దోరగా ఉన్నది, సగం పండు, భోజనం మీద కాకుండా సాయంత్రం తినండి. రావులపాలెం గెలలు చౌకగా దొరుకుతున్నాయని డజను ఇంటికి తెస్తే డజనూ అయిపోతుంది, అది మాత్రం చూసుకోవాలి.

మామిడి కాలం రెండు నెలలే కదా అనిపిస్తుంది. బంగినపల్లి అయితే రెండు పలచటి ముక్కలు, రసం అయితే సగం కాయ, ఆ పూట అన్నం సగం. తాండ్ర వద్దు, అది ఎండిన మామిడి పంచదార ముద్ద. పనస తొనలు రెండు మూడు. సీతాఫలం సగం.

కొబ్బరి బొండం, ముంజలు, తేగలు?

బొండం నీళ్ళలో చక్కెర ఉంది, మాదిరి బొండంలో రెండు మూడు చెంచాలంత. రోజూ నీళ్ళ బదులు తాగేది కాదు. ఎండలో తిరిగొచ్చినప్పుడు అప్పుడప్పుడూ ఒకటి ఫర్వాలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు ఒప్పుకోకుండా ముట్టుకోవద్దు, అందులోని పొటాషియం వాళ్ళకు ప్రమాదం.

లేత ముంజలు నాలుగైదు హాయిగా తినండి. తేగలు పీచూ పిండీ రెండూ ఉన్న దుంపలాంటివి, రెండు తేగలు తిన్న సాయంత్రం రాత్రి అన్నం తగ్గించుకోవాలి. చెరుకు రసం వద్దే వద్దు, ఒక గ్లాసులో అయిదారు చెంచాల చక్కెర ఉంటుంది.

పంచదార మానేసి బెల్లం, తేనె, తాటి బెల్లం వాడుతున్నాను. మంచిదేనా?

షుగరు విషయంలో తేడా లేదు. బెల్లంలో ఉన్నదీ ఎక్కువ భాగం చక్కెరే. ఇనుము కాస్త ఉందని దాన్ని తినాల్సిన పని లేదు, గోంగూరలో, తోటకూరలో ఉంది. పులుసులో వేసే చిన్న బెల్లం ముక్క నలుగురికీ పంచుకుపోతుంది, దాని గురించి భయం అక్కర్లేదు. భయపడాల్సింది టీల గురించి. రోజుకు నాలుగు టీలు, రెండేసి చెంచాలు, అంటే 40 గ్రాముల పంచదార. ఎవరింటికెళ్ళినా కాదనలేక తాగేవి వేరే. రెండు టీలకు దిగి, చెంచా నుంచి అర చెంచాకు, అక్కడి నుంచి సున్నాకు రండి. "షుగర్ లెస్" అని అట్ట మీద రాసిన బిస్కెట్లలో మైదా ఉంది, రస్కులోనూ అంతే.

సంక్రాంతికి, పెళ్ళిళ్ళకు ఏం చెయ్యాలి? వద్దంటే బాధపడతారు.

ఇది తిండి ప్రశ్న కన్నా మర్యాద ప్రశ్న. మన దగ్గర కొసరి కొసరి వడ్డించడమే ప్రేమ. "ఇంకొక్క బూరె వేసుకోండి బావగారూ" అంటే చెయ్యి అడ్డం పెట్టడం అమర్యాద అనుకుంటాం. ఆ అనుకోవడం మారాలని నా కోరిక. వడ్డించేవాళ్ళు ఒక్కసారి అడిగి ఊరుకోవాలి. షుగరు ఉన్న మనిషి చేత రెండో బూరె తినిపించడం ప్రేమ కాదు.

మీ వైపు నుంచి కొన్ని పనులు చేసుకోవచ్చు. పండక్కి ముందే ఇంట్లో చెప్పేయండి, పదిమందిలో చెప్పనక్కర్లేకుండా ఉంటుంది. ఖాళీ కడుపుతో విందుకు వెళ్ళొద్దు. విస్తట్లో ముందు కూరలు, పప్పు, చేపో మాంసమో తినండి. తీపి ఒకటే ఎంచుకోండి, మీకు నిజంగా ఇష్టమైనది. అది పూర్ణం బూరె అయితే పులిహోర వదిలేయండి. రెండూ తిని, పైన పెరుగన్నం తింటే ఎవరి మందులూ ఆపలేవు. ఆత్రేయపురం పూతరేకు రేకు పల్చనే గానీ లోపల పంచదార, నెయ్యి ఉన్నాయి. సగం విరిచి పక్కవాళ్ళకివ్వండి. తాపేశ్వరం కాజా పాకంలో ఊరినది, ఒక చిన్న ముక్కతో ఆపాలి. సున్నుండలో మినుము ఉంది కదా అంటారు, దానికి సమానంగా బెల్లమో పంచదారో ఉంది కదా.

పండగకు చేసినవి డబ్బాల్లో నెల్లాళ్ళు ఇంట్లో ఉండటం పండగ రోజు తిన్నదానికన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. అరిసెల డబ్బా కళ్ళ ముందు ఉంటే వచ్చిపోయే ప్రతిసారీ చెయ్యి వెళ్తుంది. తక్కువ వండుకోండి, మిగిలినవి పంచేయండి.

భోంచేశాక నులక మంచం ఎక్కకుండా పది పదిహేను నిమిషాలు కాలవ గట్టు మీద నడిచి రండి. భోజనం తర్వాత నడకకు షుగరు తగ్గించే గుణం ఉంది, నడిచే కండరాలు ఆ గ్లూకోజును వాడేసుకుంటాయి. చెప్పులు వేసుకుని నడవండి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

కార్తీక మాసం నక్తాలు, దీక్షలు, ఉపవాసాలు ఉండొచ్చా?

వాడే మందును బట్టి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు పగలు తినకపోయినా షుగరు పడిపోయే భయం తక్కువ. గ్లిమిపిరైడ్, గ్లిక్లాజైడ్, ఇన్సులిన్ వాడేవాళ్ళు పగలంతా ఏమీ తినకుండా మాత్ర మాత్రం వేసుకుంటే పడిపోతారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళకు ఉపవాసంలో ఒంట్లో నీరు తగ్గడం, కీటోన్లు, అంటే కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు, పెరగడం అనే ఇబ్బందులు ఉన్నాయి. రంజాన్ రోజాలకూ, శ్రమల దినాల ఉపవాసాలకూ ఇదే వర్తిస్తుంది. రెండు మూడు వారాల ముందే డాక్టరు గారిని కలిసి మందుల వేళలు మార్పించుకోండి.

సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు పరమాన్నం, అరటిపళ్ళు, అటుకులు, పైన భోజనం, ఇదంతా ఒకేసారి లోపలికి వెళ్తే పగలు తగ్గినదంతా రాత్రికి రెండింతలవుతుంది. మజ్జిగ, గుగ్గిళ్ళు, ఆ తర్వాత మామూలు భోజనం. షుగరు 70 కన్నా తగ్గినా, ఒళ్ళు వణికినా ఉపవాసం అక్కడితో విడిచేయాలి.

కాకర రసం, మెంతులు, తిప్పతీగ?

మెంతుల్లో జిగురు పీచు ఎక్కువ, అది పిండి పదార్థం అరిగే వేగాన్ని తగ్గిస్తుంది. నానబెట్టి తిన్నా, మజ్జిగలో పొడి వేసుకున్నా మంచిదే, భోజనంలో భాగంగా. కాకరకాయ కూరగా తినండి, బెల్లం పెట్టకుండా. వీటిని నమ్ముకుని మందు ఆపినవాళ్ళు కాలి పుండుతోనో, కంటిచూపు తగ్గిపోయో ఆసుపత్రికి వస్తుంటారు. దయచేసి ఆపొద్దు. తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. ఊరి సంతలో అమ్మే "షుగరు పొడి"లో ఏం కలిపారో ఎవరికీ తెలియదు.

ఇంట్లో మిషనుతో ఎప్పుడు చూసుకోవాలి? ఎంత ఉండాలి?

పొద్దున పరగడుపున 80 నుంచి 130, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 లోపు. ఇవి చాలామందికి పెట్టే గురి. పెద్ద వయసువాళ్ళకు, గుండె, కిడ్నీ ఇబ్బందులు ఉన్నవాళ్ళకు డాక్టరు కాస్త సడలిస్తారు. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ సరైన లెక్క చూపించకపోవచ్చు.

పరగడుపుదే కాకుండా భోజనం తర్వాతది కూడా చూసుకోండి, ఏ వంట మీకు పడుతుందో అదే చెప్తుంది. ఒకరోజు మూడు కప్పుల అన్నంతో, ఇంకోరోజు కప్పు అన్నం రెండింతల కూరతో తిని, రెండు గంటలకు చూసి కాగితం మీద రాసుకోండి. ఎవరి సలహా కన్నా ఆ రెండు అంకెలు మిమ్మల్ని ఒప్పిస్తాయి. సూది గుచ్చేముందు చెయ్యి సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. మామిడిపండు తిన్న వేలి మీద గుచ్చితే లేని షుగరు కనిపిస్తుంది.

పరీక్ష చేయించుకోనివాళ్ళకు ఒక మాట. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు ఊళ్ళో ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తల ద్వారా బీపీ, షుగరు పరీక్ష ఉచితంగా జరుగుతుంది. పరగడుపున 100 నుంచి 125 వస్తే అంచున ఉన్నట్టు, 126 గానీ అంతకు పైన గానీ వస్తే మళ్ళీ పరీక్ష చేసి నిర్ధారిస్తారు. అంచున ఉన్నప్పుడే కంచం మారిస్తే, నాలుగైదు కిలోలు తగ్గితే, చాలామందిలో షుగరు రాకుండా ఆగుతుంది.

అమ్మాయి కడుపుతో ఉంది, షుగరు ఉందన్నారు. తిండి తగ్గించమంటారా?

తిండి తగ్గించకూడదు, పంచాలి. మూడు పూటలూ కొద్దికొద్దిగా, మధ్యలో రెండు మూడు సార్లు గుగ్గిళ్ళు, గుడ్డు, మజ్జిగ, జామకాయ. శ్రీమంతానికి చలిమిడి నోట్లో పెట్టడం ఆచారం, చిటికెడు పెట్టి ఆపండి. వీళ్ళకు గురి ఇంకా గట్టిది: పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు. కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల్లో మళ్ళీ పరీక్ష చేయించాలి, పసిపిల్ల పనుల్లో చాలామంది ఇది మర్చిపోతున్నారు.

షుగరు ఉన్న మనిషికి విడిగా వండాలా?

వద్దు. విడిగా వండిన చప్పిడి కూర ఒక్కరి ముందు పెట్టి, మిగతావాళ్ళు వేపుళ్ళు తింటుంటే ఆ మనిషి ఎన్నాళ్ళు ఆగుతారు? పైన చెప్పిన కంచం ఇంట్లో అందరికీ మంచిదే. పిల్లలకు, పొలం పని చేసేవాళ్ళకు అన్నం ఎక్కువ పెట్టండి, కూర అందరికీ ఒకటే. ఎంత వండాలో తేల్చేది వంటింట్లో ఉన్న మనిషి కాబట్టి, డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆవిడనూ తీసుకెళ్ళండి.

కల్లు తాగొచ్చా?

తియ్యటి కల్లులో చక్కెర, పులిసిన కల్లులో ఆల్కహాలు. ఖాళీ కడుపుతో తాగి మాత్ర వేసుకుంటే రాత్రి నిద్రలోనే షుగరు పడిపోవచ్చు, మత్తులో ఉన్నాడనుకుని ఇంట్లోవాళ్ళు పట్టించుకోరు. మానడమే మంచిది.

ఒళ్ళు వణికి, చెమటలు పట్టి, కళ్ళు తిరిగితే ఏం చెయ్యాలి?

అది షుగరు పడిపోవడం కావచ్చు. మిషను చేతిలో ఉంటే చూడండి, లేకపోతే ఆలస్యం చెయ్యకుండా మూడు నాలుగు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగించండి. సున్నుండ, కాజా పెట్టొద్దు, నెయ్యీ నూనే ఉన్న తీపి రక్తంలోకి ఆలస్యంగా వెళ్తుంది. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి, 70 దాటకపోతే ఇంకోసారి ఇవ్వండి. తేరుకున్నాక కొంచెం అన్నమో రెండు ఇడ్లీలో తినిపించాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. ఇలా రెండుసార్లు జరిగితే మాత్రల మోతాదు ఎక్కువైందని అర్థం, ఆ వారంలోనే డాక్టరును కలవాలి.

జ్వరం, వాంతులు వచ్చి ఏమీ తినలేకపోతే మందులు ఆపేయాలా?

ఇన్సులిన్ మీ అంతట మీరు పూర్తిగా ఆపొద్దు, జ్వరంలో తినకపోయినా షుగరు పెరుగుతుంది. మాత్రల్లో కొన్నిటిని ఆ రోజులకు ఆపాల్సి రావచ్చు, ఏవి ఆపాలో డాక్టరును ఫోన్లో అడగండి. నాలుగైదు గంటలకోసారి షుగరు చూసుకోండి. పల్చటి మజ్జిగ, పప్పు కట్టు, ఒక గరిటె గంజి కొద్దికొద్దిగా లోపలికి వెళ్తుండాలి. వాంతులు ఆగకపోయినా, షుగరు 300 దాటి దిగకపోయినా, ఆయాసం, కడుపునొప్పి, మగత వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు వాడే మందుల చీటీ, షుగరు రాసుకున్న కాగితం చేతిలో పెట్టుకోండి.